ఒకే కాన్ఫిగ్, నాలుగు మెషీన్లు, ఒక్కోచోట ఒక్కో ఎర్రర్: నియోవిమ్‌ని అన్నిచోట్లా ఒకేలా నడిపించడం ఎలా?

నల్లతెర:

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా నియోవిమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడుతున్నాను. మొదట్నుంచీ ఇంట్లో లినక్స్ డెస్క్‌టాప్ మీదే కాబట్టి కాన్ఫిగ్ గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. ఏదైనా కావాలంటే ఇనిట్ డాట్ లువా అనే సెట్టింగ్స్ ఫైల్‌లో నాలుగు లైన్లు రాసుకునేవాణ్ణి, అంతే. ఈ మధ్య ఉద్యోగం మారాక పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు ఆఫీసు విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి, అందులోనే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్), సొంత మ్యాక్‌బుక్ ఒకటి, ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లోపలికి వెళ్లి టీమక్స్‌లో (ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు నడిపే ప్రోగ్రామ్) పనిచేసే సర్వర్ ఒకటి. కాన్ఫిగ్ అంతా గిట్‌లోనే ఉంది కదా, క్లోన్ చేస్తే సరిపోతుంది అనుకున్నాను. మూడు రోజులుగా అసలు పని పక్కన పెట్టి దీంతోనే కుస్తీ పడుతున్నాను.

విండోస్‌లో క్లోన్ చేశాక నియోవిమ్ తెరిస్తే ఏ ఎర్రరూ లేదు, కానీ నా కాన్ఫిగ్ కూడా లేదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు ఖాళీగా తెరుచుకుంటోంది. ఎక్కడో చదివి ఫోల్డర్‌ని యాప్‌డేటా కింద లోకల్‌లోకి మార్చితే ఆ సమస్య పోయింది. సరే కదా అని డబ్ల్యూఎస్‌ఎల్ నుంచి కూడా అదే ఫోల్డర్‌కి సిమ్‌లింక్ (షార్ట్‌కట్ లాంటి లింక్) పెట్టాను, అప్పట్నుంచి అక్కడ తెరిచిన ప్రతిసారీ ఈ492, నాట్ యాన్ ఎడిటర్ కమాండ్, పక్కన టోపీ గుర్తు, ఎమ్ అని వరసగా వస్తున్నాయి.

మ్యాక్‌లో అంతా బాగుంది. కానీ మ్యాక్‌లో కొత్తగా ఒక కీమ్యాప్స్ ఫైల్ రాసి పుష్ చేశాక, ఇంట్లో లినక్స్‌లో పుల్ చేస్తే మాడ్యూల్ నాట్ ఫౌండ్ అంటోంది. ఫైల్ నా కళ్లముందే ఉంది!

సర్వర్ సంగతి ఇంకా ఘోరం. తెరవగానే "యూవీ అనే ఫీల్డ్ నిల్" అని ఎర్రర్. ఆ లైను తీసేసి ఎలాగోలా తెరిస్తే రంగులు వెలిసిపోయినట్టు ఉన్నాయి, యాంక్ (కాపీ) చేసింది నా ల్యాప్‌టాప్ క్లిప్‌బోర్డ్‌లోకి రావడం లేదు. అన్నింటికన్నా టెన్షన్ పెడుతున్నది ఇది: ఇన్సర్ట్ మోడ్‌లో టైప్ చేసి, ఎస్కేప్ నొక్కి, వెంటనే కిందికి వెళ్దామని జె నొక్కితే కర్సర్ కదలదు, నేనున్న లైను మొత్తం ఒక లైను కిందికి జరిగిపోతోంది. నిన్న ఒక డిప్లాయ్ స్క్రిప్ట్‌లో రెండు లైన్లు ఇలాగే తారుమారయ్యాయి, గిట్ డిఫ్‌లో చూసుకోబట్టి సరిపోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఒక్కో మెషీన్‌కి ఒక్కో బ్రాంచ్ పెట్టేద్దామా అనిపిస్తోంది.

ఎనిమిదిస్పేసులు:

బ్రాంచ్‌లు మాత్రం పెట్టకండి. నేను పెట్టి ఎనిమిది నెలలు నడిపాను. ఒకచోట చేసిన మంచి మార్పు మిగతా మూడు బ్రాంచ్‌లకి మోయడమే ఒక పని అయిపోతుంది, చివరికి మోయడం మానేస్తాం, నాలుగు వేరే ఎడిటర్లు తయారవుతాయి.

మీరు చెప్పినవన్నీ ఒకే సమస్యలా కనిపిస్తున్నాయి కానీ ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. అన్నీ ఒకేసారి పట్టుకుంటే పిచ్చెక్కుతుంది. ముందు ప్రతి మెషీన్‌లో నియోవిమ్ వర్షన్ ఎంతో చూసి రాసుకోండి. సర్వర్‌లో యూవీ నిల్ అంటోందంటే అక్కడ 0.10 కంటే పాతది ఉందని చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే ఆ పేరు 0.10లోనే వచ్చింది, అంతకుముందు అదే లైబ్రరీని లూప్ అనే పేరుతో పిలిచేవాళ్లం. సర్వర్లలో డిస్ట్రో ప్యాకేజీల నుంచి పెట్టిన నియోవిమ్ చాలా పాతది ఉంటుంది. ఉబుంటు 22.04లో వచ్చేది 0.6.1, డెబియన్ 12లో 0.7.2. ఇంట్లో మీరు కొత్త వర్షన్ వాడుతూ రాసిన కాన్ఫిగ్ దానికి అర్థం కాకపోవడంలో దాని తప్పేం లేదు. రూట్ అనుమతి లేకపోయినా ఫర్వాలేదు, నియోవిమ్ వాళ్ల గిట్‌హబ్ రిలీజ్‌లలో ఉండే టార్ ఫైల్ తెచ్చి మీ హోమ్ డైరెక్టరీలో విప్పి, దాని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో ముందు పెట్టుకుంటే చాలు. అది కుదిరేదాకా ఆ లైనులో "యూవీ లేకపోతే లూప్" అని లువాలోని ఆర్ అనే పదంతో రాయండి, రెండుచోట్లా నడుస్తుంది.

విండోస్‌లో ఖాళీగా తెరుచుకోవడం గురించి మీకు జవాబు దొరికింది కాబట్టి ఒక్క మాట: ఏ మెషీన్‌లో అయినా నియోవిమ్ తన కాన్ఫిగ్‌ని ఎక్కడ వెతుకుతోందో దాన్నే అడగొచ్చు. స్టడ్‌పాత్ ఫంక్షన్‌కి కాన్ఫిగ్ అనే మాట ఇచ్చి ఎకో చేస్తే పూర్తి పాత్ చూపిస్తుంది. ఊహించుకుని ఫోల్డర్లు మార్చేకన్నా ఇది నయం.

ఇక ఏ సమస్య వచ్చినా నేను చేసేది ఇది. ముందు మైనస్ మైనస్ క్లీన్ అనే ఆప్షన్‌తో తెరుస్తాను, అంటే నా కాన్ఫిగ్ లేదు, ప్లగిన్లు లేవు. అప్పుడు కూడా సమస్య ఉందంటే తప్పు నా ఫైళ్లలో లేదు, టెర్మినల్‌లోనో టీమక్స్‌లోనో ఉంది, లువా కోడ్ తవ్వడం దండగ. అప్పుడు లేదంటే నాదే తప్పు, ప్లగిన్లలో సగం ఆపేసి చూస్తాను, పోతే ఆ సగంలో ఉంది, పోకపోతే మిగతా సగంలో, అలా విరుచుకుంటూ పోతే ముప్ఫై ప్లగిన్లున్నా ఐదుసార్లలో దొరికిపోతుంది. మీ ఎస్కేప్ సమస్యని క్లీన్‌తో తెరిచి చూశారా? లైను జరగడం ఆగిపోతుంది కానీ ఎస్కేప్ ఆలస్యం అలాగే ఉంటుందని నా అనుమానం.

ఏదైనా ఆప్షన్ మీరు పెట్టని విలువతో కనిపిస్తే, ఉదాహరణకి ఇండెంట్ నాలుగు పెడితే రెండు వస్తుంటే, వెర్బోస్ సెట్ తర్వాత ఆప్షన్ పేరు, ప్రశ్న గుర్తు ఇచ్చి చూడండి. చివరగా ఎవరు మార్చారో చెబుతుంది. లువా నుంచి మార్చి ఉంటే ఫైల్ పేరు చెప్పకుండా లువా అని ఊరుకుంటుంది, మైనస్ పెద్ద వి 1తో తెరిస్తే అప్పుడు లైను నంబర్‌తో సహా చెబుతుంది. ఈ చిన్న విషయం తెలియక నేను ఒక వారం పోగొట్టుకున్నాను.

వెన్నెలకోడ్:

ఆ టోపీ గుర్తు, ఎమ్ సంగతి నేను చెబుతాను. అది క్యారేజ్ రిటర్న్. విండోస్ గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మామూలుగా ఆటోసీఆర్ఎల్ఎఫ్ ట్రూ అని పెట్టుకుంటుంది, అంటే రిపోలో లైన్ ఎండింగ్ ఎల్ఎఫ్‌గానే (లినక్స్ పద్ధతి) ఉన్నా మీ డిస్క్ మీదికి దించేటప్పుడు సీఆర్ఎల్ఎఫ్‌గా (విండోస్ పద్ధతి, క్యారేజ్ రిటర్న్ అదనం) మారుస్తుంది. విండోస్ నియోవిమ్‌కి అది ఇబ్బంది కాదు. మీరు అదే ఫోల్డర్‌ని డబ్ల్యూఎస్‌ఎల్ నుంచి చూపించారు, అక్కడ నడుస్తున్నది లినక్స్ నియోవిమ్, దానికి లైను చివర ఆ అదనపు అక్షరం కమాండ్‌లో భాగంలా కనిపిస్తుంది. మీ ఎర్రర్లు జాగ్రత్తగా చూడండి, డాట్ విమ్ ఫైళ్లలోంచే వస్తుంటాయి, అందులోనూ ఖాళీ లైన్ల దగ్గర ఎక్కువ. లువా ఫైళ్లు ఏమీ అనవు, ఎందుకంటే లువా క్యారేజ్ రిటర్న్‌ని మామూలు ఖాళీగా చూసి వదిలేస్తుంది. అందుకే సగం కాన్ఫిగ్ పనిచేస్తూ సగం పనిచేయనట్టు ఉంటుంది, చూసేవాళ్లకి ఏమీ అర్థం కాదు.

రిపో మొదట్లోనే గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్ ఒకటి పెట్టి, అందులో నక్షత్రం గుర్తు, టెక్స్ట్ ఈక్వల్స్ ఆటో, ఈఓఎల్ ఈక్వల్స్ ఎల్ఎఫ్ అని ఒక్క లైను రాయండి. ఇది రిపోతోపాటే ప్రయాణం చేస్తుంది కాబట్టి ఏ మెషీన్‌లో గిట్ సెట్టింగ్ ఎలా ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. కమిట్ చేసి పుష్ చేశాక విండోస్‌లో ఉన్న పాత క్లోన్ తీసేసి మళ్లీ క్లోన్ చేయండి, లేకపోతే డిస్క్ మీద ఉన్న పాత ఫైళ్లు అలాగే ఉండిపోతాయి, మార్పు పనిచేయలేదనుకుంటారు. డబ్ల్యూఎస్‌ఎల్‌కి మాత్రం సిమ్‌లింక్ వద్దు, దాని సొంత హోమ్‌లో వేరే క్లోన్ పెట్టండి. విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లని డబ్ల్యూఎస్‌ఎల్ 2 నుంచి చదవడం నెమ్మది కూడా, ప్లగిన్లు ఎక్కువైతే ఎడిటర్ తెరుచుకోవడంలోనే తేడా తెలిసిపోతుంది.

మాడ్యూల్ నాట్ ఫౌండ్ గురించి ఒకటి అడుగుతాను. మ్యాక్‌లో మీరు సృష్టించిన ఫైల్ పేరులో మొదటి అక్షరం క్యాపిటల్ కె ఉందా, దాన్ని పిలిచే రిక్వైర్ లైనులో చిన్న కె రాశారా? మ్యాక్ ఫైల్ సిస్టమ్ మామూలుగా పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడదు, రెండూ ఒకటే. లినక్స్ చూస్తుంది. పేరు మార్చేటప్పుడు మ్యాక్‌లో నేరుగా ఫైండర్‌లో మార్చితే గిట్ ఒక్కోసారి గుర్తించదు, గిట్ ఎంవీతో ముందు వేరే పేరుకి, తర్వాత సరైన పేరుకి, రెండు అడుగుల్లో మార్చండి.

పాతకీబోర్డ్:

సర్వర్ సమస్యల మీద రాస్తున్నాను, ఇవి నాకు బాగా అలవాటైనవి.

మీ కాన్ఫిగ్‌లో ఆల్ట్ జె నొక్కితే లైను కిందికి జరిగేలా మ్యాపింగ్ ఉండి ఉంటుంది, చాలామంది పెట్టుకుంటారు. టెర్మినల్‌లో మామూలుగా ఆల్ట్ అనే కీకి సొంత సంకేతం లేదు, ఎస్కేప్ తర్వాత జె పంపితే అదే ఆల్ట్ జె. మరి మీరు నిజంగా ఎస్కేప్ నొక్కి తర్వాత జె నొక్కితే ఆ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? మధ్యలో ఎంత టైమ్ గడిచిందన్న దాన్నిబట్టే. టీమక్స్ ఎస్కేప్ అందుకోగానే వెనక ఇంకేమైనా వస్తుందేమోనని ఆగుతుంది, ఆ ఆగే సమయం పేరు ఎస్కేప్ టైమ్. చాలా ఏళ్లు అది 500 మిల్లీసెకన్లు ఉండేది, 3.5 వర్షన్‌లో 10కి తగ్గించారు. మీ సర్వర్‌లో టీమక్స్ అంతకన్నా పాతదై ఉంటుంది. అర సెకనులోపు ఎవరైనా జె నొక్కేస్తారు, అది ఆల్ట్ జె అయిపోయి లైను జరిగిపోతుంది. టీమక్స్ కాన్ఫిగ్‌లో ఎస్కేప్ టైమ్ 10 పెట్టండి. సున్నా పెట్టమని కొందరు అంటారు, నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నప్పుడు యారో కీల సంకేతాలు మధ్యలో విరిగిపోయి పిచ్చి అక్షరాలు పడే ప్రమాదం ఉంది కాబట్టి నేను పెట్టను. పెట్టాక టీమక్స్ సర్వర్ మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టండి, లేదా కాన్ఫిగ్‌ని సోర్స్ చేయండి. విండో మూసి తెరిస్తే చాలదు.

రంగులకి ముందు టీమక్స్ లోపల టర్మ్ వేరియబుల్ విలువ ఎంతో చూడండి. టీమక్స్ 256 కలర్ అనో, స్క్రీన్ 256 కలర్ అనో ఉండాలి. చాలామంది రంగులు బాగుంటాయని బ్యాష్ ఆర్‌సీలో ఎక్స్‌టర్మ్ 256 కలర్ అని రాసేస్తారు, దయచేసి ఆ లైను ఉంటే తీసేయండి. అది టెర్మినల్ గురించి ప్రోగ్రాములకి అబద్ధం చెప్పడమే, ఇప్పుడు రంగులు కుదిరినా రేపు హోమ్, ఎండ్ కీలు చెడతాయి. అసలు ట్రూకలర్ (పూర్తి రంగులు) కావాలంటే టీమక్స్ టెర్మినల్ ఫీచర్స్‌లో ఆర్‌జీబీ చేర్చాలి. ముందుగా టీమక్స్ బయట ఒకసారి తెరిచి చూడండి, అక్కడ రంగులు సరిగ్గా ఉంటే తప్పు టీమక్స్‌దని తేలిపోతుంది.

క్లిప్‌బోర్డ్ కాస్త ఓపిగ్గా చదవండి. సర్వర్‌లో ఎక్స్‌క్లిప్ లాంటి క్లిప్‌బోర్డ్ టూల్ ఇన్‌స్టాల్ చేసి లాభం లేదు, అక్కడ స్క్రీనే లేదు, క్లిప్‌బోర్డ్ ఎక్కణ్నుంచి వస్తుంది? మీకు కావాల్సింది ఓఎస్‌సీ 52. ఎడిటర్ తను కాపీ చేసిన టెక్స్ట్‌ని ఒక ప్రత్యేక సంకేతంలో చుట్టి స్క్రీన్ మీదికి రాసినట్టే పంపుతుంది, అది ఎస్‌ఎస్‌హెచ్ గుండా మీ ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ దాకా వస్తుంది, టెర్మినల్ దాన్ని విప్పి మీ క్లిప్‌బోర్డ్‌లో పెడుతుంది. నియోవిమ్ 0.10 నుంచి ఇది లోపలే ఉంది. కానీ క్లిప్‌బోర్డ్ ఆప్షన్‌లో అన్‌నేమ్డ్‌ప్లస్ అని రాసి ఉంటే అది తనంతట తాను దీన్ని ఎంచుకోదు, క్లిప్‌బోర్డ్ అనే గ్లోబల్ వేరియబుల్‌లో మీరే చెప్పాలి. దారిలో టీమక్స్ కూడా అడ్డం ఉంది. దాని సెట్ క్లిప్‌బోర్డ్ ఆప్షన్ మామూలుగా ఎక్స్‌టర్నల్ అని ఉంటుంది, అలా ఉంటే లోపలి ప్రోగ్రాములు పంపే సంకేతాన్ని అది పట్టించుకోదు, ఆన్ అని మార్చాలి. ఇక మీ ముందున్న టెర్మినల్: విండోస్ టెర్మినల్, కిట్టీ, వెజ్‌టర్మ్ ఒప్పుకుంటాయి, ఐటర్మ్ 2లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అనుమతి ఇవ్వాలి. ఎడిటర్, టీమక్స్, టెర్మినల్, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఎర్రర్ ఏమీ రాదు, కాపీ అవదు అంతే. అందుకే ఒక్కో మెట్టూ విడిగా చూసుకోవాలి.

కాపీకి మాత్రమే దీన్ని వాడండి. పేస్ట్‌కి కూడా పెడితే ఎడిటర్ టెర్మినల్‌ని అడిగి జవాబు కోసం ఎదురుచూస్తుంది, చాలా టెర్మినళ్లు భద్రత కోసం క్లిప్‌బోర్డ్ చదవనివ్వవు, అప్పుడు పి నొక్కిన ప్రతిసారీ ఎడిటర్ కాసేపు బిగుసుకుపోతుంది. పేస్ట్ కావాలంటే టెర్మినల్ సొంత పేస్ట్ షార్ట్‌కట్ ఉంది కదా.

అర్ధరాత్రిబ్రాకెట్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేను ఈమాక్స్ అనే వేరే ఎడిటర్ వాడతాను, కానీ ఇదే తరహా బాధ. మ్యాక్‌లో టెర్మినల్ నుంచి ఈమాక్స్ తెరిస్తే లాంగ్వేజ్ సర్వర్ (కోడ్‌లో తప్పులు, సూచనలు చూపించే ప్రోగ్రామ్) బ్రహ్మాండంగా నడుస్తుంది, డాక్‌లో ఐకాన్ నొక్కి తెరిస్తే ప్రోగ్రామ్ దొరకలేదు అంటుంది. అదే కాన్ఫిగ్, అదే మెషీన్. లినక్స్‌లో ఎప్పుడూ రాలేదు.

పాతకీబోర్డ్:

డాక్ నుంచి తెరిచిన యాప్ మీ షెల్‌ని చూడనే చూడదండి. జెడ్‌షెల్ ఆర్‌సీలో మీరు పాత్‌కి చేర్చినవేవీ దానికి తెలియవు. నమ్మకం కుదరకపోతే రెండు రకాలుగానూ తెరిచి ఎమ్ ఎక్స్, గెట్‌ఎన్వ్, పాత్ అని అడిగి పక్కపక్కన పెట్టి చూడండి, డాక్ నుంచి తెరిచిన దాంట్లో నాలుగైదు సిస్టమ్ ఫోల్డర్లు తప్ప ఏమీ ఉండవు. ఎగ్జెక్ పాత్ ఫ్రమ్ షెల్ అనే ప్యాకేజీ ఇందుకోసమే ఉంది, మొదలయ్యేటప్పుడు మీ షెల్‌ని ఒకసారి నడిపి అందులోని పాత్ తెచ్చుకుంటుంది. షెల్ ఆర్‌సీ ఫైల్ బరువుగా ఉంటే ఈమాక్స్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, అది కూడా చూసుకోండి.

అర్ధరాత్రిబ్రాకెట్:

పక్కపక్కన పెట్టి చూశాను, మీరు చెప్పినట్టే ఉంది. ప్యాకేజీ పెట్టాక డాక్ నుంచి కూడా వస్తోంది. చాలా థ్యాంక్స్ అండి.

నల్లతెర:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒక్కో మెషీన్ విడిగా పట్టుకుని కూర్చున్నాను.

సర్వర్‌లో ఉన్నది 0.6.1, టీమక్స్ 3.2. హోమ్‌లో కొత్త నియోవిమ్ పెట్టాను, ఎస్కేప్ టైమ్ 10 చేశాను. క్లీన్‌తో తెరిచినప్పుడు లైను జరగలేదు కానీ ఎస్కేప్ నొక్కాక ఇన్సర్ట్ అనే మాట పోవడానికి అర సెకను పట్టడం కళ్లారా చూశాను, అప్పుడు పూర్తిగా నమ్మకం కలిగింది. మ్యాక్ ఫైల్ పేరులో నిజంగానే క్యాపిటల్ కె ఉంది, అంతసేపు ఆ పేరునే చూస్తూ కూడా గమనించలేదు. డబ్ల్యూఎస్‌ఎల్‌లో వేరే క్లోన్ పెట్టాక ఈ492లు ఒక్కటీ లేవు. క్లిప్‌బోర్డ్‌కి టీమక్స్ ఒక్కటే అడ్డం, ఆన్ చేయగానే వచ్చేసింది.

మిగిలినవి రెండు. విండోస్‌లో కంట్రోల్ వి నొక్కితే బ్లాక్ సెలెక్షన్ రావడం లేదు, క్లిప్‌బోర్డ్‌లో ఉన్నది పేస్ట్ అయిపోతోంది. రెండోది, విండోస్‌కి మాత్రమే కావాల్సిన షెల్ సెట్టింగ్, ఆఫీసు ప్రాక్సీ లాంటివి ఎక్కడ పెట్టాలి? బ్రాంచ్ వద్దన్నారు కదా.

ఎనిమిదిస్పేసులు:

కంట్రోల్ వి విండోస్ టెర్మినల్ మధ్యలోనే మింగేస్తోంది, నియోవిమ్ దాకా రానివ్వదు. టెర్మినల్ సెట్టింగ్స్‌లో యాక్షన్స్‌లోకి వెళ్లి ఆ షార్ట్‌కట్ తీసేయండి, పేస్ట్‌కి కంట్రోల్ షిఫ్ట్ వి ఎలాగూ ఉంటుంది. తీయడం ఇష్టం లేకపోతే కంట్రోల్ క్యూ కూడా బ్లాక్ సెలెక్షనే.

రెండోదానికి నా పద్ధతి: ఇనిట్ డాట్ లువా చివర్లో లోకల్ అనే మాడ్యూల్‌ని పీకాల్‌తో రిక్వైర్ చేస్తాను. ఆ ఫైల్ ఉంటే నడుస్తుంది, లేకపోతే చప్పుడు చేయదు. గిట్ ఇగ్నోర్‌లో దాని పేరు ఉంటుంది. ప్రాక్సీలు, టోకెన్లు, ఆఫీసు పాత్‌లు అన్నీ అందులోనే, రిపోలోకి ఒక్కటీ వెళ్లదు. పబ్లిక్ రిపో అయితే ఇది తప్పనిసరి. పొరపాటున ఒకసారి టోకెన్ పుష్ అయ్యిందంటే, తర్వాత తీసేసినా హిస్టరీలో ఉంటుంది, ఆ టోకెన్ రద్దు చేసుకోవడమే మార్గం.

వెన్నెలకోడ్:

ఇక్కడ నేను కొంచెం తేడాగా ఆలోచిస్తాను. లోకల్ ఫైల్ గిట్‌లో లేదు కాబట్టి డిస్క్ పోతే అదీ పోతుంది, మళ్లీ గుర్తు తెచ్చుకుని రాయాలి. రహస్యాలకి లోకల్ ఫైల్ సరే. విండోస్ షెల్ సెట్టింగ్ రహస్యం కాదు కదా, దాన్ని మెయిన్ కాన్ఫిగ్‌లోనే హ్యాజ్ ఫంక్షన్‌తో విన్32 అవునా కాదా అని అడిగి మూడు లైన్లు రాస్తే పోయింది. ఎడిటర్‌తోపాటు షెల్, టీమక్స్, గిట్ కాన్ఫిగ్‌లు కూడా మోయాలనుకుంటే షెజ్‌మ్వా అనే టూల్ చూడండి, ఒకే టెంప్లేట్ నుంచి మెషీన్‌ని బట్టి ఫైళ్లు తయారుచేస్తుంది, విండోస్‌లోనూ నడుస్తుంది. ఇలాంటిదే జీఎన్‌యూ స్టో, అది నాకు ఇష్టమే కానీ అది పూర్తిగా సిమ్‌లింక్‌ల మీద ఆధారపడుతుంది, విండోస్‌లో సిమ్‌లింక్ చేయాలంటే డెవలపర్ మోడ్ ఆన్ చేయాలి లేదా అడ్మిన్ హక్కులుండాలి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రెండూ దొరక్కపోవచ్చు.

ఇంకొకటి, లేజీ అనే ప్లగిన్ మేనేజర్ వాడుతుంటే దాని లాక్ ఫైల్‌ని (ఏ ప్లగిన్ ఏ కమిట్ మీద ఉందో రాసుకునేది) కూడా కమిట్ చేయండి. ఒక మెషీన్‌లో అప్‌డేట్ చేసి, పనిచేస్తోందని చూసుకుని, పుష్ చేసి, మిగతా చోట్ల అప్‌డేట్ బదులు రీస్టోర్ నొక్కండి. అప్పుడు నాలుగు మెషీన్లలోనూ ప్లగిన్లు అవే కమిట్‌ల మీద ఉంటాయి.

ఎనిమిదిస్పేసులు:

విన్32 సంగతి ఒప్పుకుంటాను, రహస్యం కానిది మెయిన్‌లోనే ఉండొచ్చు. కానీ హోస్ట్ పేరు చూసి ఇఫ్‌లు రాయడం మాత్రం మొదలుపెట్టకండి, ల్యాప్‌టాప్ మారిన రోజు అన్నీ వెతికి మార్చాలి.

నల్లతెర:

కంట్రోల్ వి తీసేశాను, పనిచేస్తోంది. ప్రాక్సీ లోకల్‌లోకి, షెల్ సెట్టింగ్ విన్32 కిందికి వెళ్లాయి. లాక్ ఫైల్ ఇన్నాళ్లూ నా గిట్ ఇగ్నోర్‌లో ఉంది, ఎప్పుడు పెట్టానో గుర్తు లేదు, తీసేసి కమిట్ చేశాను. సర్వర్‌లో రీస్టోర్ కొడితే తొమ్మిది ప్లగిన్లు వేరే కమిట్‌లకి మారాయి. వాటిలో కోడ్‌కి రంగులు వేసే ట్రీసిట్టర్ ఒకటే గొడవ చేస్తోంది, సి కంపైలర్ లేదంటోంది. జీసీసీ అనే కంపైలర్ పెట్టమని అడ్మిన్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.